పలకకు ముందు పలుకు

దుమ్ముగూడెం దాటి, గోదావరిని ఎడమచేతి వైపున పెట్టుకొని చర్ల బాట పట్టినవారికి, రహదారి విడిచి అడవిలోనికి చీలిపోయే ఎఱ్ఱమట్టి దారులు ఎన్నో కనిపిస్తవి. అటువంటి దారి చివర ఒక కోయగుంపు. ఇరవై ముప్పై ఇండ్లు, వెదురు తడికెలు, వాకిట ఇప్పచెట్టో చింతచెట్టో. ఊరి మొదట అంగన్‌వాడీ. ఒక ఉదయం నేను అక్కడ కూర్చున్నాను. గోడమీద అక్షరాల పటం తగిలించి ఉన్నది. అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ. మనమందరం ఎరిగిన పటమే. టీచరమ్మ చేతికర్రతో 'ఇ' దగ్గర ఉన్న బొమ్మను చూపి, "ఇదేమిటి నాన్నా?" అని అడిగినది. నాలుగేండ్ల పిల్లవాడు తడుముకోకుండా, "లోను" అన్నాడు.

ఆమె నవ్వి, "లోన కాదురా, బొమ్మ ఏమిటో చెప్పు" అన్నది. పిల్లవాడు మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా, "లోను" అన్నాడు. "అట్లా కాదు. ఇల్లు అనాలి. ఏదీ, ఇ... ల్లు." పిల్లవాడు అనలేదు. ఆ పూటంతా అతడు మరి నోరు తెరవలేదు.

కోయ భాషలో 'లోను' అంటే ఇల్లు.

టీచరమ్మను తప్పుపట్టడానికి ఈ సంగతి వ్రాయడం లేదు. ఆమె మైదానపు ఊరినుంచి వచ్చిన మనిషి. ఆమె చేతికి ఇచ్చిన పటం అది, ఆమెకు నేర్పిన పద్ధతి అది. పిల్లలకు ముక్కు తుడిచి, తల దువ్వి, చంటివాడిని ఒళ్లో పెట్టుకొనే పాఠం చెబుతున్నది. దయకు లోటు లేదు. కాని ఆ పిల్లవాడు ఆనాడు నేర్చుకొన్న పాఠం 'ఇ' కాదు. తనకు తెలిసినది ఇక్కడ చెల్లదు అనే పాఠం. బడి మెట్టు ఎక్కకముందే ఈ పాఠం వచ్చిన పిల్లవాడికి తరువాత ఎన్ని పాఠాలు చెప్పినా దీనిని తుడిచివేయడం కష్టం.

చదవడం అంటే ఏమిటి? మనం చదువుకొన్నవాళ్లం గనుక ఈ ప్రశ్న మనకు ఎన్నడూ తోచదు. కాగితంమీద ఉన్న గీతలను చూచి, లోపల ఇదివరకే ఉన్న మాటను గుర్తుపట్టడమే చదవడం. ఖమ్మం పట్టణంలో పుట్టిన పిల్లవాడు నాలుగేండ్లపాటు 'ఇల్లు' అనే మాటను వేలసార్లు విని ఉంటాడు. "ఇంటికి పోదాం", "ఇల్లు ఊడ్వాలి", "ఎవరింటికి వచ్చావమ్మా?" అన్న మాటల నడుమ పెరిగినాడు. 'ఇ' అన్న గుర్తు పరిచయం కాగానే తక్కిన సగం చెవే పూర్తిచేస్తుంది. గుంపులోని పిల్లవాడికి ఆ సాయం లేదు. అతడు ఒకేసారి రెండు పనులు చేయాలి. వినని మాటను నేర్చుకోవాలి, చూడని గుర్తును నేర్చుకోవాలి. ఒకదానిమీద ఒకటి మోపి, రెండూ మోయలేక చతికిలబడితే, "అడవి పిల్లలు, బుర్రకెక్కదు" అంటాం. భద్రాచలం బస్సులో నా ప్రక్కన కూర్చున్న ఒక విద్యావంతుడు అచ్చంగా ఈ మాటే అన్నాడు. ఆయన పిల్లలను ఏ తమిళ వాచకంతోనో ఓనమాలు దిద్దించి ఉంటే వారి బుర్రలు ఎంత చురుకుగా ఉండేవో అడగవలసినది. బస్సు దిగే తొందరలో అడగలేదు.

మన తెలుగు ఇండ్లలో చదువు అంటే పలకతో మొదలు. బాసర సరస్వతీ అమ్మవారి సన్నిధిలో పిల్లవాడి చేయి పట్టి అక్షరం దిద్దిస్తే చదువు ప్రారంభమైనట్లు. ఆ ఆచారం అందమైనది. నేను దానిని కాదనను. కాని పూర్వం ఆ పలక ముందు ఎంత చదువు జరిగేదో మనం మరచిపోయినాం. ఉయ్యాల పాట ఉన్నది. వేళ్లను ఒక్కొక్కటే మడుస్తూ చెప్పే ఆటపాట ఉన్నది. పొడుపుకథ ఉన్నది. అచ్చనగాయలు, గవ్వలు, చింతగింజలు ఉన్నవి. రాత్రి అరుగుమీద "అనగా అనగా" అని మొదలయ్యే కథ ఉన్నది. కథ వినే పిల్లవాడు ముందేమి జరిగినదో మనస్సులో పెట్టుకొని, తరువాత ఏమి జరుగుతుందో ఊహిస్తాడు. పెద్దయి పుస్తకం చదివేటప్పుడు చేసే పని కూడా అదే. మాటలను ముక్కలుగా విరిచి ఆడుకొనే పిల్లవాడి చెవి, మాట అనేది చిన్న చిన్న ధ్వనుల కూర్పు అని తనంత తానే కనిపెడుతుంది. తెలుగు లిపికి ఈ చెవి మరీ అవసరం. మన అక్షరం పలుకు తునక వంటిది. 'క'కు కొమ్ము పెడితే ఒకటి, ఏత్వం పెడితే మరొకటి, క్రింద వత్తు చేరితే ఇంకొకటి. యాభైయారు అక్షరాలు అంటాం గాని, గుణింతాలూ వత్తులూ కలిసి పిల్లవాడి కంటి ముందు నిలిచే రూపాలు వందలు. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు ఎట్లా నేర్చుకొంటారో పరిశీలించి సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన వ్యాసం, ఈ రూపాలన్నీ స్వాధీనం కావడానికి ఒకటి రెండేండ్లు చాలవనీ, ప్రాథమిక తరగతులు చాలా దూరం నడవవలసి ఉంటుందనీ చూపినది. అంత దూరం నడవవలసినవాడిని మూడో ఏటనే పలకమీదికి తరమడంలో ఉన్న తెలివి నాకు బోధపడదు.

వీధిబడిలో పంతులుగారు ఇసుక పరచి, పిల్లవాడి వేలు పట్టి దిద్దించేవారు. 1907లో రోమ్ నగరంలోని పేదల వాడలో బాలమందిరం తెరచిన మరియా మాంటిసోరి, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లలచేత వేలితో తడిమించినది. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తున్న నాటికి, మన పల్లెల్లో ఇసుకమీది చదువు ఇంకా పూర్తిగా పోలేదు. ఇద్దరికీ తెలిసిన రహస్యం ఒకటే. కంటికన్న ముందు వేలు నేర్చుకొంటుంది. ఈ మాట కలిపినందుకు మన వీధిబడులను పొగుడుతున్నానని అనుకోవద్దు. అక్కడ కోదండం కూడ ఉండేది.

ఇక గుంపులోని ఇంటికి వద్దాం. పుస్తకం లేని ఇల్లు గనుక ఆ ఇంట పిల్లవాడు చదువుకు సిద్ధం కాలేడని అనుకొంటాం. నేనూ అట్లాగే అనుకొన్నాను. మొదటిసారి పోయినప్పుడు మా ఊరినుంచి ఒక పెట్టెడు పుస్తకాలు మోసుకొని పోయినాను. వాటిలో 'ఋ' దగ్గర గడ్డపు ఋషి ఉన్నాడు, 'ఔ' దగ్గర ఔషధం సీసా ఉన్నది. పిల్లలు ఋషిని చూచి ఒకరితో ఒకరు ఏదో చెప్పుకొని పకపక నవ్వినారు. ఊరిలో ఒక ముసలాయనకు అటువంటి గడ్డమే ఉన్నదట. ఆ బొమ్మ వారికి పనికి వచ్చినది, ఆ అక్షరం రాలేదు.

వేసవి వచ్చినదంటే ఆ ఇండ్లలో తునికాకు పని. తెల్లవారకముందే తల్లులు అడవికి పోయి, ఎండ ముదిరేవేళకు మూటలతో వస్తారు. చెట్టునీడన కూర్చొని ఆకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, కట్టకు 50 ఆకుల చొప్పున నారతో బిగిస్తారు. ప్రక్కన కూర్చున్న పిల్లలు చినిగిన ఆకు, పురుగు తిన్న ఆకు, ముదురాకు, లేతాకు వేరుచేసి అందిస్తుంటారు. ఒకే తీరుగా కనబడే వాటిలో చిన్న తేడా పట్టగలిగిన కన్ను అది. 'ప'కూ 'ఫ'కూ, 'వ'కూ 'మ'కూ తేడా కనిపెట్టవలసినది కూడ ఆ కన్నే. పండుగనాడు రేలపాట పాడేటప్పుడు ఒకరు చరణం ఎత్తితే తక్కినవారు పల్లవి అందుకొంటారు. తల్లి చంకలోని పిల్ల సయితం ఎక్కడ అందుకోవాలో తప్పదు. కోయల ఇలవేల్పుల కథలను బొమ్మలుగా తీర్చిన గుడ్డ పతాకాలు ఉన్నవి. డోలి కళాకారులు ఆ బొమ్మల వరుసను అనుసరించి వంశకథలను గానం చేస్తారు. మణుగూరు ప్రాంతంనుంచి వచ్చిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది ఇటువంటి గానానికే. బొమ్మల వరుసలోనుంచి కథను పైకి తీయడం చదువుకు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. అడవి బిడ్డలు ఆకులనూ అడుగుజాడలనూ చదువుతారు గనుక వారికి వేరే చదువు ఎందుకు అని కవిత్వం చెప్పేవారున్నారు. జాడ వేరు, లిపి వేరు. లేడి గిట్ట లేడినే గుర్తు చేస్తుంది. 'క' అన్న గీతలో 'క' అన్న ధ్వని ఎక్కడా లేదు. దానిని ఎవరో ఒకరు పక్కన కూర్చొని చెప్పాలి. చెప్పేవాడి మాట పిల్లవాడికి తెలియాలి. సమస్య అంతా అక్కడనే ఉన్నది.

ఈ సమస్యను కనిపెట్టినవారు మనలో లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తిగారు (1863–1940) సవర పిల్లలకు చదువు చెప్పదలచి, ముందు తాము సవర భాష నేర్చుకొన్నారు. వారి మాటల్లోనే వాచకాలు వ్రాసి, బడులు పెట్టించినారు. వ్యావహారిక భాషా వాదానికి ఆయనను తలచుకొంటూ ఏటేటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకొంటాం. కాని ఆయన వాదానికి వేరు ఆ సవర గూడేల్లోనే ఉన్నదని నాకు తోస్తుంది. పిల్లవాడి నోటిలో ఉన్న మాటే పుస్తకంలో ఉండాలన్నది సవరకు చెల్లితే తెలుగుకు ఎందుకు చెల్లదు? ఈనాడు ప్రశ్నను తిరగవేసి అడగాలి. తెలుగుకు చెల్లినది కోయకు ఎందుకు చెల్లదు?

నైజాం ఏలుబడిలో, 1943లో, ఆదిలాబాదు అడవుల్లోని మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు విద్యాపథకం ప్రారంభించినప్పుడు గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు వచ్చినవి. మన గోదావరి ఒడ్డున మాత్రం కథ వేరుగా నడిచినది. దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1870ల దశకంలోనే కోయల భాషను గురించీ ఆచారాలను గురించీ పండితపత్రికలో వ్రాసినాడు. ఏటి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాటకు స్టీఫెన్ టైలర్ వ్రాసిన వ్యాకరణం 1969లో అమెరికాలో అచ్చయినది. అనగా, ఆ భాషకు వ్యాకరణం ఉన్నదని కాలిఫోర్నియాలో తెలిసి యాభై ఏండ్లు దాటినది. భద్రాచలం బస్సులోని పెద్దమనిషి మాత్రం అది "భాష కాదు, యాస" అని నాకు వివరించినాడు. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 4 లక్షలు. ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో 1956నుంచీ చెబుతున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, కోయతో సహా, తెలుగు లిపిలోనే వాచకాలు తయారుచేసి బహుభాషా విద్యాపథకం మొదలుపెట్టినారు. కోయ మాటతో మొదలుపెట్టి, తెలుగును మెల్లగా ముందు నోటికీ తరువాత చేతికీ అందించడం దాని పద్ధతి. మంచి పద్ధతి. అది ఒకటో తరగతినుంచి మొదలైనది. నా బాధ అంతకు ముందరి రెండు మూడేండ్ల గురించి. పటం ముందు పిల్లవాడి నోరు మూతబడినది ఒకటో తరగతిలో కాదు.

అంగన్‌వాడీ అనే పేరుకే ఒక చరిత్ర ఉన్నది. భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో స్థాపించిన బాలమందిరంలో పనిచేసిన తారాబాయి మోడక్, పట్టణాల పిల్లలతో తృప్తిపడక, 1945లో మహారాష్ట్ర సముద్రతీరంలోని బోర్డీకి పోయినది. అనూతాయి వాఘ్ ఆమెకు తోడైనది. వార్లీ పిల్లలు బడికి రాకపోతే, వారు బడిని పిల్లల వాకిలికే తీసుకొని పోయినారు. అంగణం అంటే వాకిలి. వాకిటి బడి గనుక అంగన్‌వాడీ. మాంటిసోరి ఉపకరణాలు కొనే స్తోమత లేక గవ్వలు, గింజలు, గులకరాళ్లు, ఆకులతో పని జరిపినారు. 1957లో కోస్‌బాడ్ గుట్టకు మారినారు. తరువాత 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి అంగన్‌వాడీ కేంద్రమే నిలయమైనది. పేరు మనదాకా వచ్చినది. వాకిలి రాలేదు. మన అంగన్‌వాడీలో గ్రుడ్డు ఉన్నది, తూకం ఉన్నది, రిజిస్టర్లు ఉన్నవి. వీటిలో ఏ ఒక్కటీ అక్కరలేనిది కాదు, ఆకలిగొన్న పిల్లవాడు కథ వినడు. కాని గోడకు ఆవల చెట్టుక్రింద కూర్చొన్న ముసలమ్మ నోట ఉన్న కథలు గోడ దాటి లోపలికి రావడం లేదు.

వస్తే ఊరివారు ఒప్పుకొంటారా అన్నది అసలు చిక్కు. ఆ గుంపులో ఒక తండ్రి నాతో సూటిగా అన్నాడు: "కోయ మాట మా ఇంట్లో ఉన్నదే గదా సారూ. దానికోసం బడికెందుకు? తెలుగు రాకపోతే భద్రాచలం ఆసుపత్రిలో నా నొప్పి నేను చెప్పుకోలేను. ఇప్పుడు ఇంగ్లీషు కూడ కావాలంటున్నారు." ఆయన మాటలో తప్పేమీ లేదు. 2022–23నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం వచ్చినది. ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఇంగ్లీషు అచ్చువేసిన పుస్తకం పట్టుకొన్న కోయ పిల్లవాడికి రెండు ప్రక్కలా పరాయి మాటే. తండ్రికి భయం ఉన్నది, ఆ భయానికి కారణం ఉన్నది. నేను ఆయనకు చెప్పగలిగినది ఇంతే: చదవడం అనే విద్య ఒక్కసారే వస్తుంది. ఏ మాటలో నేర్చుకొన్నా వచ్చేది అదే విద్య. తెలిసిన మాటలో అయితే త్వరగా, భయం లేకుండా వస్తుంది. ఆ తరువాత తెలుగు లిపి ఎలాగూ ఒకటే గనుక, క్రొత్త మాటలకు పాత అక్షరాలే పనికి వస్తవి. తెలుగు మానమని కాదు. మొదటి రెండేండ్లూ తెలుగును ఆటగా, పాటగా, చెవికి మాత్రం ఇవ్వండి. కంటికి ఇచ్చే మొదటి మాట కోయది కానివ్వండి. ఆయన విన్నాడు. ఒప్పుకొన్నాడో లేదో చెప్పలేను.

ఇంతకన్న కష్టమైన స్థితి మరొకటి ఉన్నది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని కల్లోలానికి తాళలేక సరిహద్దు దాటి వచ్చి, ఈ అడవుల్లో గుడిసెలు వేసుకొన్న గొత్తికోయల పిల్లలు. వారి గుడిసెలకు నిలకడ లేదు, అంగన్‌వాడీ చాలాసార్లు వాగు అవతల. వానకాలం వాగు పొంగితే బడి లేదు. అక్కడ వాచకం సంగతి తరువాత. ముందు ఎవరైనా పోవాలి. పాలనా రేఖలు ఎన్నిసార్లో మారినవి. 1959లో భద్రాచలం తూర్పుగోదావరినుంచి ఖమ్మం జిల్లాకు వచ్చినది, 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు పోలవరం కారణంగా ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. రేఖకు ఏ ప్రక్క పడినా పిల్లవాడి నోట 'లోను' 'లోను'గానే ఉన్నది.

వానలు మొదలైనాక మళ్లీ ఆ గుంపుకు పోయినాను. టీచరమ్మ ఏదో సమావేశానికి ప్రాజెక్టు ఆఫీసుకు పోయినది. ఆయా ఒక్కతే ఉన్నది. ఆమె ఆ ఊరి కోయ ఆడపడుచు, పదో తరగతి చదివినది. అన్నం వండే పని ఆమెది, పాఠం చెప్పే పని కాదు. పొయ్యిమీద ఎసరు పెట్టి, పిల్లలను వాకిట కూర్చోబెట్టి, ఏదో కథ చెబుతున్నది. నాకు ఒక్క ముక్క తెలియలేదు. పిల్లలకు తెలిసినది, ఒకచోట అందరూ ఒక్కసారిగా చేతులు నోటికి అడ్డం పెట్టుకొన్నారు, మరొకచోట ఒకడు లేచి నిలబడి గట్టిగా ఏదో అడిగినాడు. పటం ముందు నోరు మూసుకొన్న పిల్లవాడే. "ఏమంటున్నాడమ్మా?" అని అడిగితే, "ఏరు తాగడానికి వచ్చిన జంతువు పేరు నేను తప్పు చెప్పినానట సారూ" అని నవ్వింది. ఏరు అంటే వారి మాటలో నీళ్లు. మన ఏరు వేరు.

కథ అయినాక పిల్లవాడు పుల్లతో తడిమట్టిలో గీతలు గీయడం మొదలుపెట్టినాడు. నాలుగు గోడలు, ఒక కప్పు, కప్పుమీద ఏదో పిట్ట. ఆయా వంగి, ఆ బొమ్మ క్రింద తెలుగు అక్షరాల్లో 'లోను' అని వ్రాసి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి పలికినది. పిల్లవాడు ఆమె వేలు తీసివేసి, తన వేలు పెట్టినాడు. "లో" అన్నాడు. ఆగి, "ను" అన్నాడు. ఇంటి వైపు చూచినాడు.

ఆ రాత్రి ఊరిలోనే పడుకొన్నాను. కుండపోత వాన. తెల్లవారి చూస్తే వాకిట బొమ్మ లేదు, అక్షరాలు లేవు, అంతా బురద. ఆయా చీపురు పట్టుకొని నీళ్లు తోస్తున్నది. పిల్లవాడు అందరికన్న ముందే వచ్చి, ఆమె చీపురు లాగి ప్రక్కన పడవేసి, చేతికి పుల్ల ఇచ్చినాడు.